తొమ్మిదో మెట్టులో నీలం

నాలుగింటికల్లా నా మరిది తప్పు ఒప్పుకుంటూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే నిర్లక్ష్యం కేసు, రెండేళ్ళు. పెట్టకపోతే తెలిసి తెలిసి ప్రాణాలు తీసిన కేసు, పద్నాలుగేళ్ళు. ఇన్‌స్పెక్టరు పెట్టిన బేరం అది. నేను స్టేషన్‌లో ములాఖత్ గదిలోకి అడుగుపెట్టేసరికి పన్నెండుంబావు. నాకిచ్చింది ఇరవై నిమిషాలు.

మరిది బల్లకి అవతల కూర్చున్నాడు. మూడు రోజుల గడ్డం, మూడు రాత్రుల కళ్ళు. పెప్టైడ్ మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళుగా ఆపరేటరు. అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి తగిలించి గొలుసులు కడతాడు కాబట్టి అక్కడ అతని పేరే 'గొలుసు' అయిపోయింది. అతను కట్టిన ఒక గొలుసు ఇంజెక్షనుగా మారి ఆసుపత్రికి వెళ్ళింది. రక్తపోటు దించే మందు. ఎక్కించిన అరగంటలో ఐదుగురు పడిపోయారు. ఇద్దరు మళ్ళీ లేవలేదు.

"పెట్టేస్తాను వదినా," అన్నాడు, నేనింకా కుర్చీ లాక్కోకముందే. "మీ చెల్లెలు కూడా పెట్టెయ్యమంటోంది. రెండేళ్ళంటే ఎంతలో పోతాయి."

"అది అలాగే అంటుంది. దానికి నువ్వు ఇంటికొస్తే చాలు. నాకు చాలదు. ఆ రోజు టెస్టు చేశావా లేదా?"

"చేశాను."

"మరి పుస్తకంలో ఆ నీలం ఏంటి?"

తల దించుకున్నాడు.

ఆ నీలం సంగతి చెప్పకపోతే ఈ కేసు ఎవరికీ అర్థం కాదు. నాకూ మూడు రోజుల క్రితం దాకా అర్థం కాలేదు. బాయిలరు షెడ్డులో పనిచేసి, సమ్మె చేయించి, ఉద్యోగం పోగొట్టుకుని, ఆ తర్వాత డిటెక్టివ్‌నైన మనిషిని నేను. బడి చదువు ఏడో తరగతి. మిగిలిందంతా లైబ్రరీ బల్లల దగ్గరా, కోర్టు వరండాల్లోనూ నేర్చుకున్నదే. తెలియకపోవడం తప్పు కాదు, తెలియదు కదా అని కాళ్ళు చాపుకుని కూర్చోవడం తప్పు. మూడు రోజులు అమైనో ఆమ్లాల మీద పడ్డాను.

అమైనో ఆమ్లం అంటే రెండు చేతులున్న మనిషి అనుకోండి. ఎడమ చెయ్యి అమీను, కుడి చెయ్యి ఆమ్లం. ఒకడి కుడి చెయ్యి ఇంకొకడి ఎడమ చేతిని పట్టుకుంటే మధ్యలోంచి ఒక నీటి అణువు జారిపోయి పట్టు బిగుస్తుంది. పెప్టైడ్ బంధం అంటే ఇంతే. వరసగా పట్టుకుంటూ పోతే గొలుసు. ఒంట్లో ఉన్న ప్రోటీన్లన్నీ ఇలాంటి ఇరవై రకాల మనుషులు కట్టిన గొలుసులే. ఫ్యాక్టరీలో మొదటివాణ్ణి ఇసుక రేణువంత ప్లాస్టిక్ పూసకి కట్టేస్తారు. తర్వాత వచ్చే ప్రతివాడి ఎడమ చేతికీ తొడుగు వేసి పంపుతారు, లేకపోతే ఎవణ్ణి పడితే వాణ్ణి పట్టుకుని సంతలో గొడవలా తయారవుతుంది. పట్టు పడ్డాక తొడుగు తీస్తారు. ఇదంతా కంటికి కనపడదు. అందుకే టెస్టు. చిటికెడు పూసల మీద నిన్‌హైడ్రిన్ చుక్కలు పోసి వేడి చేస్తారు. ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటే ముదురు నీలం వస్తుంది. చెయ్యి నిండి ఉంటే రాదు.

ఇరవైమందిలో ఒకడు మాత్రం తిక్కవాడు. వాడి పేరు ప్రోలీన్. వాడి ఎడమ చెయ్యి వెనక్కి మెలిక తిరిగి వాడి ఒంటికే అతుక్కుని ఉంటుంది. వాడి మీద నిన్‌హైడ్రిన్ పోస్తే నీలం రాదు. ఎర్రమట్టి రంగు వస్తుంది.

మరిది కట్టిన గొలుసుకి పద్నాలుగు మెట్లు. తొమ్మిదో మెట్టు ప్రోలీన్. పుస్తకంలో తొమ్మిదో మెట్టుకి ఎదురుగా, తొడుగు తీశాక వచ్చిన రంగు అనే గడిలో, మరిది చేతిరాతతో 'నీలం' అని ఉంది.

ఇన్‌స్పెక్టరు కేసంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. టెస్టు చేసినవాడెవడూ అక్కడ నీలం రాయడు. కాబట్టి వీడు టెస్టులు ఎగ్గొట్టి, కుర్చీలో కూర్చుని, పద్నాలుగు గళ్ళలో నీలం నీలం అని నింపుకుంటూ పోయాడు. గొలుసు ఎక్కడో తప్పింది. మనుషులు పోయారు.

"ప్రోలీన్‌కి నీలం రాదని నీకు తెలుసా, తెలియదా?" అన్నాను.

"నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఎర్రగా వస్తుంది."

"మరి?"

"ఆ రోజు నీలమే వచ్చింది వదినా."

"ఈ మాట ఇన్‌స్పెక్టరుతో అన్నావా?"

"అన్నాను. నవ్వాడు. రాదని నువ్వే అంటావు, వచ్చిందని నువ్వే అంటావు, నాకు పిచ్చెక్కించకు అన్నాడు."

ఇన్‌స్పెక్టరుని తప్పు పట్టలేను. నాకూ ఒళ్ళు మండింది. "రాకూడని రంగు వస్తే నోరు మూసుకుని పదో మెట్టుకి ఎలా వెళ్ళావు?"

"నోరు మూసుకోలేదు. రాశాను."

"రాస్తే?"

"మా పని మీకు తెలియదు. ఒకసారి రంగు తేడాగా ఉందని వెళ్ళి చెప్తే, 'చదువు మాకుంది, చెయ్యి నీకుంది, నీ చేతి పని నువ్వు చూసుకో' అన్నారు మేనేజరు గారు. అప్పట్నుంచి మేం ఎవరం నోటితో చెప్పం. వచ్చింది వచ్చినట్టు పుస్తకంలో రాస్తాం. పుస్తకం ఆయన బల్ల మీదకి పంపుతాం. ఆయన సంతకం పెట్టాకే తర్వాతి మెట్టు. పదకొండూ పదికి టెస్టు చేశాను. నీలం వచ్చింది. రాసి పంపాను. పదకొండున్నరకి సంతకంతో తిరిగొచ్చింది. సంతకం వచ్చిందంటే చూశారనేగా. ఆయనకి తెలిసిన కారణం ఏదో ఉండుంటుంది అనుకున్నాను."

"సీసా సరైనదేనా?"

"ప్రోలీన్ అని రాసున్న సీసానే. అన్నీ తెల్ల పొడులే వదినా. పేరు చూసి తియ్యడమే గానీ మొహం చూసి పోల్చుకోడానికి లేదు."

గడియారంలో ఇంకా ఆరు నిమిషాలున్నాయి. "ఆ రోజు పూసలు ఎక్కడైనా మిగిలాయా?"

అతను తలుపు వైపు చూశాడు. గొంతు బాగా తగ్గించాడు. "దాని గురించి అడక్కండి."

"సంతకం పెడతానంటావు, దాని గురించి అడగొద్దంటావు. ఎవర్ని కాస్తున్నావు?"

గోళ్ళు చూసుకుంటూ చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట ఒక లాటు మందు పాడైతే పైవాళ్ళు దాన్ని ఒక ఆపరేటరు మెడకి చుట్టి గెంటేశారట. అప్పట్నుంచి ఆపరేటర్లు రహస్యంగా ఒక అలవాటు చేసుకున్నారు. ప్రతి మెట్టులో రెండుసార్లు, పట్టు పడ్డాక ఒకసారి, తొడుగు తీశాక ఒకసారి, చిటికెడు పూసలు చిన్న గొట్టంలో దాస్తారు. మూత మీద కాగితం పట్టీ అంటించి, దిగే షిఫ్టువాడు, ఎక్కే షిఫ్టువాడు ఇద్దరూ అడ్డంగా సంతకం చేస్తారు. ఫ్యాక్టరీ రూలు కాదు. దొరికితే ఫ్యాక్టరీ సొత్తు దొంగిలించినట్టే లెక్క.

"నాతో పనిచేసే కళ్ళజోడమ్మ దగ్గరుంటాయి. బయటపడితే ముందు పోయేది ఆవిడ ఉద్యోగం. తర్వాత రెండు షిఫ్టులూ."

"ఆవిడ తరఫున నువ్వు నిర్ణయించకు. నేను ఆవిణ్ణే అడుగుతాను."

కానిస్టేబులు తలుపు కొట్టాడు. నేను లేస్తూ, "నాలుగింటి దాకా పెన్ను ముట్టుకోకు," అన్నాను. మాట ఇవ్వలేదు. చూశాడంతే.

*

మూడింటికి ఇన్‌స్పెక్టరు మరిదిని ల్యాబ్‌కి తీసుకొచ్చాడు, నేరం జరిగిన చోటు చూపించి ఫైలు మూసెయ్యడానికి. లాయరు రాసిచ్చిన కాగితం పట్టుకుని నేనూ లోపలికి వెళ్ళాను. పొడుగాటి గది. నడుమ గాజు పాత్ర, దాన్ని ఊపే మోటారు, పైన నత్రజని గొట్టం. తొడుగులు తీసే పిపెరిడిన్ కంపు, మిరియాల ఘాటూ చేపల నీచూ కలిసి ముక్కులోకి ఎక్కుతోంది. గోడన అరలో గోధుమరంగు సీసాలు, ఇరవై పేర్లు. బల్ల దగ్గర కళ్ళజోడమ్మ నిలబడి ఉంది. యాభై దాటిన ఆపరేటరు, మందపాటి అద్దాలు, మాట తక్కువ. ఆమెతో నా మాటలు గంట క్రితమే అయిపోయాయి. ఆమె నాతో అన్నది ఒకటే: "ఉద్యోగం సంగతి వాడికెందుకు, నేను చూసుకుంటాను."

"పెద్దక్క గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. తెలివైనవాడే, ఆ సంగతి అతనికి అవసరానికి మించి తెలుసు. "ఇది బాయిలరు కింద బొగ్గు వెయ్యడం కాదు. కెమిస్ట్రీ."

"బాయిలరు పేలినప్పుడు కూడా మీవాళ్ళు బొగ్గు వేసినవాడి మీదే కేసు రాశారు. నాకిది కొత్తేం కాదు."

"మీకు చెప్పడానికేమైనా ఉందా, తిట్టడానికే వచ్చారా?"

"రెండూ ఉన్నాయి. ముందు చెప్పేది వినండి. తొమ్మిదో మెట్టు పేజీ తియ్యండి."

పుస్తకం అతని చేతిలోనే ఉంది. తీశాడు. క్వాలిటీ మేనేజరు కూడా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్లకోటు, గొంతులో తొందర లేదు. ఇన్‌స్పెక్టరుకి ప్రోలీన్ పాఠం చెప్పింది ఈయనే.

"మేనేజరు గారూ, టెస్టు చేసినవాడెవడూ ఇక్కడ నీలం రాయడు. మీ మాటే కదా?"

"కెమిస్ట్రీ తెలిసినవాళ్ళెవరైనా అదే చెప్తారు."

"కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు దాని కింద సంతకం పెడతారా?"

నేను వేలు పెట్టి చూపించాను. నీలం పక్కనే ఆయన సంతకం. పక్కన ఆయన చేత్తోనే టైము, పదకొండున్నర.

"రోజుకి నలభై పేజీలు నా బల్ల మీదకొస్తాయి," అన్నాడు. "కిందివాళ్ళ మీద నమ్మకంతో పెడతాం."

"అంటే చదవకుండా పెట్టారు."

"అలా అనలేదు."

"అయితే చదివి పెట్టారు. చదివితే నీలం చూసి కూడా ఆపలేదు, చదవకపోతే మీ సంతకానికి అర్థం లేదు. ఎటు దూకుతారో మీ ఇష్టం, ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"నా మీద విచారణకి వేరే పద్ధతుంది," అన్నాడు మేనేజరు. "ఇతను టెస్టు చెయ్యలేదన్న నిజం దాంతో మారదు."

ఇన్‌స్పెక్టరు గడియారం చూశాడు. "అది నిజమే. సంతకం తప్పయితే ఆయన తప్పు ఆయనది. ఇతనిది ఇతనిది."

"టెస్టు చేశాడని చూపిస్తే?"

"ఎలా చూపిస్తారు? ఇరవై ఆరు రోజుల కిందటి సంగతి."

నేను కళ్ళజోడమ్మ వైపు చూశాను. ఆమె తన అలమరాలోని చిన్న ఫ్రిజ్ తెరిచి, అడుగున మజ్జిగ సీసాల వెనక నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. లోపల వరసగా చిటికెన వేలంత గాజు గొట్టాలు. ఒక్కోదాని మూత మీద కాగితం పట్టీ, లాటు నంబరు, మెట్టు నంబరు, రెండేసి సంతకాలు.

మొదటిసారి మేనేజరు మొహంలో రంగు మారింది. "ఇవెక్కడివి? మా పద్ధతుల్లో ఇలాంటి శాంపిళ్ళు లేనే లేవు."

"మీ పద్ధతుల్లో లేవు సార్, మా పద్ధతుల్లో ఉన్నాయి," అంది కళ్ళజోడమ్మ.

మరిది ఆమె వైపు చూసి ఏదో అనబోయాడు. "నువ్వు ఊరుకో," అంది ఆమె.

ఇన్‌స్పెక్టరు ఒక గొట్టం వెలుగులోకి ఎత్తి పట్టీని పరీక్షగా చూశాడు. చిరగలేదు. సంతకాలు రెండు రకాల సిరాలు. "మీరే తయారుచేసి పెట్టుకున్నారని ఎందుకు అనుకోకూడదు?"

"అనుకోండి. అందుకే టెస్టు మీరే చెయ్యండి," అన్నాను. "పాత మంచి లాటు తొమ్మిదో మెట్టు ఒకటి. ఈ చెడ్డ లాటు తొమ్మిదో మెట్టు ఒకటి. రెండూ తొడుగు తీసినవే. ఏది ఏదో మాకు చెప్పకండి. పట్టీలు కత్తిరించి జేబులో పెట్టుకోండి. పాత లాటు గొట్టంలో ఎర్రమట్టి రంగు రావాలి. మా మరిది అబద్ధమాడి ఉంటే రెండోదాంట్లోనూ అదే రావాలి. అప్పుడు నేనే వాడి చేత సంతకం పెట్టిస్తాను."

ఈ చివరి మాట ఎందుకన్నానో నాకే తెలియదు. మరిది నా వైపు చూడలేదు.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అతనికి పందెం నచ్చింది. మాకు వీపు తిప్పి పట్టీలు కత్తిరించాడు, గొట్టాల మీద ఒకటి, రెండు అని రాశాడు. కళ్ళజోడమ్మ చెప్పినట్టు చుక్కలు లెక్కపెట్టి పోశాడు. వేడి దిమ్మ గుంటల్లో నిలబెట్టాడు. మూడూ ఇరవై రెండు.

ఐదు నిమిషాలు అందరి కళ్ళూ గొట్టాల మీదే.

మొదటి గొట్టంలో పూసలు నెమ్మదిగా ఇటుక రంగుకి తిరిగాయి. రెండోదాంట్లో అంచుల్లోంచి మొదలై, చూస్తుండగానే, సిరా ఒలికినట్టు ముదురు నీలం.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి పట్టీలు తీసి చూసుకున్నాడు. రెండుసార్లు చూసుకున్నాడు. "రెండోది ఇతని లాటే," అన్నాడు మెల్లగా.

"నీలమే వచ్చింది," అన్నాను. "కళ్ళతో చూసింది రాశాడు. దాన్నే అబద్ధం కింద లెక్కేశారు."

"ఒక్క నిమిషం." మేనేజరు గొంతు మళ్ళీ సర్దుకుంది. చదువుకున్నవాడు, ఊరికే ఓడిపోడు. "నీలం వచ్చిందంటే దానికి వేరే కారణం ఉంది. ఇతను ప్రోలీన్ వెయ్యడమే మర్చిపోయాడు. తొమ్మిదోవాడు రాకపోతే ఎనిమిదోవాడి చెయ్యి ఖాళీగానే ఉంటుంది. వాడు మామూలువాడు, నీలం ఇస్తాడు. ఇది ఇంకా పెద్ద తప్పు."

ఇన్‌స్పెక్టరు తల నా వైపు తిరిగింది. నా మూడు రోజుల చదువు అక్కడికి ఆగిపోయింది.

"ఇంకో గొట్టముంది కదండీ," అంది కళ్ళజోడమ్మ, పిల్లలకి ఎక్కం గుర్తుచేసినట్టు. "తొడుగు తియ్యకముందుది. తొమ్మిదోవాడు రాకపోతే ఎనిమిదోవాడి చెయ్యి అప్పుడూ ఖాళీయేగా, అదీ నీలం రావాలి. ఎవడో ఒకడు వచ్చి, తొడుగుతో పట్టుకుని ఉంటే రంగు రాదు."

ఇన్‌స్పెక్టరు ఎవరూ చెప్పకుండానే ఆ గొట్టం తీసుకున్నాడు. చుక్కలు, వేడి, ఐదు నిమిషాలు. పూసలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. నీలం ఛాయ కూడా లేదు.

"ఎవడో వచ్చాడు," అన్నాను. "వచ్చినవాడు ప్రోలీన్ కాడు. సీసా మీద పేరొకటి, లోపల పొడి ఇంకొకటి. ఆ సీసా నింపింది ఎవరు?"

"స్టోరు చూసే ఆయన ఆ వారం సెలవు," అంది కళ్ళజోడమ్మ. "డ్రమ్ముల గది తాళం మేనేజరు గారే తీసుకున్నారు. ఆయనే నింపారు. నేను చూశాను."

"పొరపాటు ఎవరికైనా జరుగుతుంది," అన్నాడు మేనేజరు. "కానీ చివర్లో మందుని మిషను మీద తూచాం. అణువు బరువు. తొమ్మిదోవాడు మారితే బరువు మారాలి. మా రిపోర్టులో బరువు చుక్క తేడా లేదు. పూసలు ఏ రంగైనా చెప్పనివ్వండి, మందు సరైనదే."

"ఆ రిపోర్టు నా ఫైల్లో ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. తీసి బల్ల మీద పరిచాడు. ఒక నిటారు గీత, దాని మీద అంకె. "బరువు సరిగ్గానే ఉంది పెద్దక్క గారూ."

గీతతో నాకు పని లేదు. బాయిలరు షెడ్డులో నేర్చుకున్న మొదటి పాఠం, ఏ కాగితం చూసినా ముందు టైము చూడాలి. కాగితం మూల మీద చిన్న అక్షరాల్లో ఉంది. పద్నాలుగో తారీకు, మధ్యాహ్నం రెండూ ఐదు. నేను లాటు పుస్తకం ఆఖరి పేజీ తిప్పాను. గొలుసుని పూసల నుంచి తెంపింది పదమూడున. ఆరబెట్టే మిషనులో పెట్టింది ఆ సాయంత్రం. మిషను తలుపు తీసింది పద్నాలుగో తారీకు, సాయంత్రం ఐదు.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఇన్‌స్పెక్టరు వైపు తోశాను.

అతనికి చెప్పాల్సిన పని లేకపోయింది. "మందు బయటికొచ్చింది ఐదింటికి," అన్నాడు. "తూచింది రెండింటికి. లేని మందుని ఎలా తూచారు సార్?"

మేనేజరు కోటు గుండీ సర్దుకున్నాడు.

"పాత లాటు పొడి తూచారు," అన్నాను. "కాగితం మీద తూచే మిషను నడిపినవాళ్ళ గుర్తు కూడా ఉంది, మీదే. సంతకం చదవకుండానే పెట్టి ఉంటారు, నమ్ముతాను. తర్వాతెప్పుడో పేజీ తిరగేస్తే నీలం కనపడింది. అప్పటికి గొలుసు పూర్తయింది. ఆపితే సీసా ఎవరు నింపారని అడుగుతారు. అందుకని మంచి పొడి తూచి చెడ్డ పొడి పంపారు. మనుషులు పోయాక ఆ నీలమే చూపించి వీడి మెడకి చుట్టారు."

"నా లాయరు వచ్చాక మాట్లాడతాను," అన్నాడు మేనేజరు. ఒక స్టూలు చూసుకుని కూర్చున్నాడు. కోటు మడత నలిగింది.

ఇన్‌స్పెక్టరు ఫైల్లోంచి మరిది సంతకం పెట్టాల్సిన కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. నాకు క్షమాపణ చెప్పలేదు, నేను అడగనూ లేదు. మూడూ నలభై ఎనిమిది.

అప్పుడు మరిది నోరు విప్పాడు. గదిలోకి వచ్చాక అదే మొదటిసారి.

"సార్, రెండో లాటు తగలబెట్టేశారా?"

మేనేజరు తల ఎత్తలేదు.

"ఏ రెండో లాటు?" అన్నాను.

"ఆ సీసాలోంచి ఇంకోసారి తూచాను వదినా. ఆ తర్వాతి వారం. మళ్ళీ నీలమే వచ్చింది, మళ్ళీ రాశాను, మళ్ళీ సంతకం వచ్చింది. నన్ను పట్టుకెళ్ళే రోజు సార్‌ని అడిగాను. తాళం వేసి ఉంచాం, తగలబెట్టేస్తాం, ఆ సంగతి ఎత్తి ఇంకో కేసు నెత్తి మీదకి తెచ్చుకోకు అన్నారు."

కళ్ళజోడమ్మ కళ్ళజోడు తీసేసింది. "తాళమా? ఇవాళ పొద్దున ఆరింటికి లారీ ఎక్కించారు కదరా. నేనే పెట్టెలు లెక్కపెట్టాను."

ఇన్‌స్పెక్టరు రెండంగల్లో తలుపు పక్కనున్న పలక దగ్గరికి చేరాడు. ఏ పెట్టె ఏ ఆసుపత్రికి వెళ్ళిందో దాని మీద రాసి ఉంటుంది. ఆ లాటుకి ఎదురుగా ఒకే ఆసుపత్రి, ఒక ఫోను నంబరు. అక్కడే నిలబడి నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టాడు. నాలుగు రింగుల తర్వాత ఒక నర్సు ఎత్తింది. వెనక ఎవరో దగ్గుతున్నారు, చక్రాల బల్ల కదులుతోంది.

అతను హోదా చెప్పాడు, లాటు నంబరు చదివాడు, ఆ మందు వాడొద్దన్నాడు.

"రెండింటికే వచ్చింది కదండీ, వాడుతున్నాం," అంది నర్సు. "డాక్టరు గారు రాసిన మందది. వాడొద్దని ఎవరన్నారు? రిపోర్టులో అంతా సరిగ్గానే ఉందే."

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. ఆ అరగంటలో విన్నవన్నీ ఒక్కసారి నాలుక మీదకొచ్చి అడ్డం పడ్డట్టున్నాయి. నా వైపు చూశాడు. తర్వాత ఫోను మరిది వైపు చాచాడు. "నువ్వు చెప్పు."

బేడీలున్న చేతులతోనే మరిది అందుకున్నాడు.

"అమ్మా, ఆ మందు తయారు చేసింది నేనే," అన్నాడు. "అది తప్పుగా తయారైంది. రిపోర్టు వేరే మందుది. ఇంతకుముందు లాటులో ఇద్దరు పోయారు. చేతిలో సూది ఉంటే కింద పెట్టెయ్యండి."

అవతల ఇనప పళ్ళెంలో ఏదో పెట్టిన చప్పుడు వినపడింది.

"రెండో మంచం ఆవిడకి ఇవ్వబోతున్నాను, ఆపేశాను," అంది నర్సు. ఆమె గొంతు మారిపోయింది. "మొదటి మంచం ఆయనకి ఎక్కించేశాం."

"ఎప్పుడు?"

"ఇరవై నిమిషాలవుతుంది."

మరిది గోడ మీద గడియారం వైపు ఒక్కసారి చూశాడు. "ఆయన రక్తపోటు పడిపోతుంది తల్లీ. ఇంకో పది నిమిషాలు ఉందేమో, లేదేమో. డాక్టర్ని కేకెయ్యండి. ఫోను పెట్టకండి, ఆయన ఏమడిగినా నేను చెప్తాను."